ఆగమం మిత్రుడు, ఆదేశం శత్రువు



పండితశిక్షణలో సంధులు చెప్పేటప్పుడు మా గురువులు ఒక మాట తప్పక చెప్పేవారు. ఆగమం మిత్రుని వంటిది, ఆదేశం శత్రువు వంటిది అని. మిత్రుడు వచ్చి మన పక్కన కూర్చుంటాడు. శత్రువు వచ్చి మనను లేపి మన పీటమీద కూర్చుంటాడు. ‘మా’, ‘అమ్మ’ కలిసి ‘మాయమ్మ’ అయినప్పుడు నడుమ యకారం వచ్చి చేరింది, ఉన్నవారెవరూ పోలేదు. ‘వాడు’, ‘పోయె’ కలిసి ‘వాడు వోయె’ అయినప్పుడు పకారం లేచిపోయింది, దాని చోట వకారం కూర్చుంది. ఈ తేడాను నేను కూడా ముప్పైయేళ్ళపాటు నల్లబల్లమీద సుద్దముక్కతో వ్రాసి చెప్పాను. వెబ్ సేవల నిర్మాణానికి ఇంతకన్న పనికివచ్చే సూత్రం మరొకటి లేదని మాత్రం ఉద్యోగవిరమణ తరువాత, చేయకూడని తప్పు చేసిన తరువాత తెలుసుకున్నాను. ఆ తప్పును దాచుకోవడం కన్న పదిమందితో పంచుకోవడం మేలని ఈ టపా.

బడిలో ఉన్న రోజులలో పిల్లలు మాట్లాడే పలుకులలో నిఘంటువులకెక్కనివి, ఎక్కినా అర్థం కొంచెం వేరుగా ఉన్నవి, ఒక పొడుగు నోటుపుస్తకంలో వ్రాసుకొనేవాణ్ణి. గుండ్లకమ్మ ఒడ్డు పల్లెల మాటలవి. మూడువేల పైచిలుకు పోగయ్యాయి. మా మేనల్లుడు కంప్యూటరు ఉద్యోగి. “మామయ్యా, దీన్ని పుస్తకం వేస్తే అటకెక్కుతుంది. ప్రోగ్రాములు అడిగితే జవాబిచ్చేటట్టు జాలంలో పెట్టు” అన్నాడు. ఎట్లా పెట్టాలో కూర్చోబెట్టి నేర్పాడు. ఆ విధంగా నా పదకోశం ఒక వెబ్ సేవ అయింది.

వెబ్ సేవ అంటే ఏమిటో తెలియని మిత్రులకోసం రెండు మాటలు. మనం విహారిణిలో ఒక చిరునామా కొడితే మనిషి చదవడానికి అనువైన పుట వస్తుంది. అదే విధంగా ఒక ప్రోగ్రాము మరొక చిరునామాకు ప్రశ్న పంపితే, ప్రోగ్రాము చదవడానికి అనువైన జవాబు వస్తుంది. ఆ జవాబు దరఖాస్తు ఫారం లాగా గడులు గడులుగా ఉంటుంది. ప్రతి గడికి ఒక పేరు, పేరుకెదురుగా ఒక విలువ. నా సేవను ‘దొడ్డి’ అని అడిగితే ‘మాట’ అనే గడిలో ‘దొడ్డి’ అనీ, ‘అర్థం’ అనే గడిలో ‘ఇంటి వెనుక పెరడు, పశువులను కట్టే ఆవరణ’ అనీ జవాబు వచ్చేది. ఏ పేరు గల గడిలో ఏముంటుంది, ప్రశ్న ఎట్లా అడగాలి, దొరకని మాటకు జవాబేమిటి అనే ఏర్పాటునంతా కలిపి ఇంటర్‌ఫేస్ అంటారు. నేను దానిని ఒడంబడిక అంటాను. ఎందుకంటే అది అదే.

కొన్నాళ్ళకు నాకు ఆ ‘అర్థం’ గడి నచ్చలేదు. రెండు మూడు అర్థాలను అర్ధవిరామాలతో ఒకే గడిలో కుక్కడం అపండితంగా తోచింది. ఒక రాత్రి కూర్చుని దానిని జాబితాగా మార్చాను. పేరు అదే, ‘అర్థం’. లోపల మాత్రం వాక్యం బదులు వరుసగా పేర్చిన అర్థాలు. పని చక్కగా కుదిరిందని సంతోషించి పడుకున్నాను.

మర్నాడు ఉదయం పదింటికి ఫోను. నా పూర్వవిద్యార్థి. చూపు లేదు. అంధవిద్యార్థుల బడిలో తెలుగు చెబుతాడు. నా పదకోశాన్ని అడిగి, వచ్చిన జవాబును పైకి చదివి వినిపించే చిన్న ప్రోగ్రాము తానే వ్రాసుకున్నాడు. ఆ సంగతి నాకు అదివరకు చెప్పే ఉన్నాడు, నేను మరిచిపోయాను.

“నమస్కారమండీ మాస్టారూ. పొద్దున్నుంచి పదకోశం పలకడం లేదండీ. పదోతరగతి పిల్లలు ఎదురుచూస్తున్నారు.”

“అదేమిటిరా? రాత్రే కదా దాన్ని బాగుచేశాను!”

“బాగుచేశారా? అందుకేనేమోనండీ మాస్టారూ.”

వాడు వ్యంగ్యంగా అనలేదు. నాకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్లయింది. వాడి ప్రోగ్రాము ‘అర్థం’ గడిలో ఒక వాక్యం ఉంటుందని నమ్మింది. అక్కడ జాబితా కనబడగానే ఏం చేయాలో తెలియక ఆగిపోయింది. ముప్పైయేళ్ళు ఆదేశం శత్రువని పాఠం చెప్పినవాణ్ణి, నేనే ఆదేశం చేశాను.

* * *

ఆ రోజునుంచి ఈ విషయం మీద చదవగలిగినంత చదివాను. నాకు బోధపడినది ఇది. ఒడంబడికలో మూడు రకాల మార్పులుంటాయి. క్రొత్త గడిని చేర్చడం ఆగమం. ఉన్న గడి పేరునో, ఆకారాన్నో, అర్థాన్నో మార్చడం ఆదేశం. ఉన్నదానిని తీసివేయడం లోపం. ఆగమానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆదేశలోపాలకు మాత్రం మనమీద ఆధారపడిన ప్రతివాని అనుమతీ కావాలి. వాళ్ళలో చాలామంది ఎవరో కూడా మనకు తెలియదు కనుక, ఆ అనుమతి దొరకదనే అనుకోవాలి.

వీటిలో అన్నిటికన్న ప్రమాదకరమైనది పేరూ ఆకారమూ మారకుండా అర్థం మాత్రం మారడం. ‘నిడివి’ అనే గడి ఉన్నదనుకోండి. ‘స్త్రీ’ అనే మాట నిడివి ఎంత? ఛందస్సు చదివినవాడు ఒకే అక్షరం అంటాడు. యూనికోడు సంకేతాలను లెక్కించేవాడు ఆరు అంటాడు: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈకారపు గుడి. యూటీఎఫ్-8లో బైట్లు లెక్కించేవాడు పద్దెనిమిది అంటాడు. మూడూ నిజమే. నిన్నటిదాకా ఒకటి అని చెప్పిన గడి ఈ రోజునుంచి ఆరు అని చెబితే ఏ ప్రోగ్రామూ ఆగిపోదు, ఎవరూ ఫోను చేయరు. తప్పుడు లెక్క మౌనంగా సాగిపోతుంది. ఆగిపోయిన ప్రోగ్రాము కనీసం ఏడుస్తుంది. ఇది ఏడవను కూడా ఏడవదు.

ఆగమం మిత్రుడు కావాలంటే అవతలివాడికీ ఒక ధర్మం ఉంది: తనకు తెలియని గడి కనిపిస్తే గొడవ చేయకుండా దాటిపోవడం. జాలం ఇన్నేళ్ళుగా నిలబడినది ఈ ధర్మం మీదనే. హెచ్‌టీఎమ్‌ఎల్ పుటలో తనకు తెలియని గుర్తు ఎదురైతే విహారిణి దానిని వదలి లోపలి మాటలను చూపిస్తుంది. వీడియో గుర్తు క్రొత్తగా వచ్చినప్పుడు, దానిని ఎరుగని పాత విహారిణులు ఆ గుర్తును పట్టించుకోకుండా, లోపల వ్రాసిపెట్టిన లంకెను చూపించాయి. పుట పగిలిపోలేదు.

మన బ్లాగులకు సంబంధించిన ఉదాహరణ చెబుతాను. కూడలి వంటి సంకలినుల వెలుగులో మన వ్రాతలు నలుగురికీ చేరిన రోజులు మీకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఆ సంకలినులు మన గూళ్ళనుంచి ఫీడులను తెచ్చుకొనేవి. ఫీడు కూడా ఒక ఒడంబడికే. దాని చరిత్రలో కూర్పుల సంఖ్యలు ఎంత గందరగోళం చేశాయో చూడండి. 1999లో నెట్‌స్కేప్ సంస్థ ఆర్‌ఎస్‌ఎస్ 0.90ని విడుదల చేసింది. అదే ఏడాది 0.91 వచ్చింది. 2000 డిసెంబరులో ఒక బృందం ఆర్‌డీఎఫ్ పద్ధతిలో 1.0 అని ఒకటి తెచ్చింది. వేరొక మార్గంవారు 0.91 దారినే కొనసాగి, 2002లో 2.0 అన్నారు. సంఖ్యలు చూసినవాడు 1.0కు కొడుకు 2.0 అనుకుంటాడు. కాదు, వాళ్ళు దాయాదులు. చివరికి ఈ తగవుతో విసిగినవారు 2005లో ఆటమ్ అనే ప్రత్యేక ఒడంబడికను ఆర్‌ఎఫ్‌సీ 4287గా స్థిరపరచారు. అందులో ఒక మంచి నియమం ఉంది: ఇతరులు తమ గుర్తులను ఫీడులో చేర్చుకోవచ్చు, వాటిని ఎరుగని ప్రోగ్రాము ఆ కారణంగా పని ఆపకూడదు. కూర్పు సంఖ్య ఇవ్వలేని శాంతిని ఈ ఒక్క నియమం ఇచ్చింది.

* * *

ఇంతవరకు చెప్పింది విని, చేర్చుకుంటూ పోతే చాలును కదా, ఇంకేం చిక్కు అని ఎవరైనా అడగవచ్చు. చిక్కు ఉంది. చూడడానికి ఆగమంలా ఉండి, ఫలితంలో ఆదేశమయ్యేవి కొన్ని ఉన్నాయి. ‘న్యాయం’ ముందు ఒక్క అకారం చేర్చండి. ఉన్న అక్షరం ఒక్కటీ పోలేదు. అర్థం మాత్రం తలక్రిందులయింది.

నా పదకోశంలో ఇది నిజంగానే ఎదురైంది. కొన్ని మాటలకు నేను వ్రాసుకున్న అర్థాలు తప్పని పెద్దలు చెప్పారు. వాటి పక్కన ‘ఉపసంహృతం’ అని క్రొత్త గడి చేర్చి, అందులో ‘అవును’ అని వ్రాద్దామనుకున్నాను. గడి చేర్చడమే కదా, మిత్రుడే కదా! కాని ఆ గడిని ఎరుగని పాత ప్రోగ్రాము దానిని దాటిపోయి, తప్పుడు అర్థాన్నే పిల్లలకు గట్టిగా చదివి వినిపిస్తుంది. పాత గడి అర్థాన్ని మార్చే క్రొత్త గడి మిత్రుడు కాదు, మిత్రుని వేషం వేసుకున్న శత్రువు. తప్పు అర్థాన్ని పాతవాళ్ళు చూసే చోటునుంచే తీసివేయాలి. అదే చేశాను.

ఈ చిక్కును 2000లో వచ్చిన సోప్ 1.1 రూపకర్తలు గుర్తించారు. సందేశపు శీర్షభాగంలోని ఒక అంశానికి ‘దీనిని తప్పక అర్థం చేసుకోవాలి’ అనే ముద్ర వేయవచ్చునని అందులో పెట్టారు. ఆ ముద్ర ఉన్న అంశం అర్థం కాని ప్రోగ్రాము దాటిపోకూడదు. నాకు తెలియదని దోషసందేశం పంపి ఆగిపోవాలి. దాటిపోదగినది ఏది, దాటరానిది ఏది అని పంపేవాడే చెప్పడం ఇందులోని వివేకం. సోప్ బరువెక్కువని తరువాతివారు దానిని వదిలిపెట్టారు. బరువుతోపాటు ఈ వివేకాన్ని కూడా వదిలిపెట్టకుండా ఉండవలసింది.

మరొక మారువేషం చూడండి. భాషాభాగాలు ఐదు: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. నా సేవలో ‘భాషాభాగం’ గడిలో ఈ ఐదింటిలో ఒకటి ఉండేది. ‘గలగల’, ‘దబదబ’ వంటి ధ్వన్యనుకరణాలను విడిగా చూపాలని ఆరవ విలువ చేరుద్దామనుకున్నాను. గడి మారలేదు, ఆకారం మారలేదు. కాని ఐదు పెట్టెలు మాత్రమే పెట్టుకొని కూర్చున్న ప్రోగ్రాము ఆరవదానిని ఎక్కడ వేస్తుంది? అందువల్ల మొదటి రోజే ‘ఇవి ఐదే కావు, ఇంకా రావచ్చు, తెలియనిది వస్తే ఇతరం అనుకోండి’ అని ఒడంబడికలో వ్రాసి ఉండవలసింది. పెరుగుదలకు చోటు ఎక్కడ ఉందో మొదటి రోజే చెప్పాలి; తరువాత చెప్పితే అది మార్పు కిందకు వస్తుంది. 2001లో వచ్చిన ఎక్స్‌ఎమ్‌ఎల్ స్కీమాకు ఈ విషయంలోనే అపకీర్తి వచ్చింది. ఏ గడి తరువాత ఏ గడి రావాలో కచ్చితంగా చెప్పమనేది. ‘ఇక్కడ ఏదైనా రావచ్చు’ అని చోటు వదలడానికి సాధనం ఉన్నా, అస్పష్టత కూడదనే మరొక నియమం దానికి అడ్డుపడేది. 2012లో వచ్చిన 1.1 కూర్పులో ఆ బిగింపును కొంత సడలించారు.

బడి రికార్డులు చూసినవాడిగా నాకు బాగా నచ్చినది ప్రోటోకాల్ బఫర్స్ అనే ఏర్పాటు. గూగుల్ సంస్థ 2008లో దీనిని అందరికీ ఇచ్చింది. ఇందులో ప్రతి గడికి ఒక సంఖ్య ఉంటుంది. సందేశంలో ప్రయాణించేది పేరు కాదు, సంఖ్య. గడిని తీసివేసినా దాని సంఖ్యను మరొక గడికి ఇవ్వవద్దని, ‘రిజర్వు’ అని వ్రాసి ఉంచమని వారి సలహా. మన అడ్మిషను రిజిస్టరు గుర్తు వచ్చిందా? పిల్లవాడు టీసీ తీసుకొని వెళ్ళిపోయినా అతని అడ్మిషను నంబరును మరొకరికి ఇవ్వము. ఇస్తే ఇరవైయేళ్ళ తరువాత పుట్టినతేదీ ధ్రువపత్రానికి వచ్చినవాడి చేతిలో మరొకరి జాతకం పెడతాం. అట్లాగే ‘తప్పనిసరి గడి’ అనే వేర్పాటు మొదట ఉండేది. తప్పనిసరి అన్నదానిని ఎప్పటికీ తొలగించలేమని అనుభవం మీద తెలిసి, మూడవ కూర్పులో దానిని ఎత్తివేశారు.

* * *

ఇక మన లిపి సంగతి. మనందరం ఇక్కడ కలుసుకోవడానికి కారణమైన యూనికోడు కూడా ఒక ఒడంబడికే, అందులోనూ నేను చూసినవాటిలోకెల్ల దొడ్డది. దానికీ బాల్యచాపల్యం ఉండేది. కొరియా వారి హంగుల్ అక్షరాలను 1996లో వచ్చిన 2.0 కూర్పులో ఒక చోటునుంచి మరొక చోటికి తరలించారు. పాత చోటు లెక్కన దాచుకున్న వ్రాతలన్నీ చెడ్డాయి. ఆ దెబ్బతో, ఇకమీద ఒకసారి చోటిచ్చిన అక్షరాన్ని కదపం, తీసివేయం అని మాట ఇచ్చారు. అక్షరాల పేర్లను కూడా మార్చమన్నారు. ఒక బ్రాకెట్ గుర్తు పేరులోనే ‘బ్రాకెట్’ అన్న ఇంగ్లీషు మాటలోని రెండు అక్షరాలు తారుమారై అచ్చయ్యాయి. ఆ తప్పు తెలిసి కూడా దానిని అట్లాగే ఉంచి, సరైన పేరును మారుపేరుగా పక్కన చేర్చారు. చూశారా, ఆదేశం చేయవలసిన చోట కూడా ఆగమమే చేశారు.

ఆ మాట వల్ల మనకు కలిగిన లాభం ఏమిటి? దంత్యచకార దంత్యజకారాలు, ౘ, ౙ, 2008లో 5.1 కూర్పుతో వచ్చాయి. ఴ 2014లో 7.0తో వచ్చింది. ౚ 2015లో 8.0తో వచ్చింది. నకారపొల్లు 2021లో 14.0తో వచ్చింది. ఇన్ని చేరినా, 2006లో మనం లేఖినిలో కొట్టిన టపాలలో ఒక్క ఒత్తు కదలలేదు. క్రొత్త అక్షరం లేని పాత ఫాంటు ఆ ఒక్కచోట డబ్బా చూపించి, తక్కిన వాక్యాన్ని చక్కగా చదివిస్తుంది. దీనికి ముందు కాలంలో ఒక్కొక్క పత్రిక తన ఫాంటులో తన ఇష్టం వచ్చిన చోట తెలుగు అక్షరాలను దాచుకున్నది. ఆ ఫాంటు లేకపోతే నేడు ఆ పుటలు పిచ్చిగీతలు. అక్షరాలు అప్పుడూ తెలుగువే, ఇప్పుడూ తెలుగువే. మధ్యలో లేనిది మాట నిలబెట్టుకునే ఒడంబడిక.

మన వ్యాకరణసంప్రదాయం కూడా ఈ దారినే నడిచింది. పాణిని సూత్రాలలో చెప్పనివి, సరిగా చెప్పనివి కాత్యాయనుడికి కనిపించాయి. ఆయన సూత్రాలను చెరిపి తిరిగి వ్రాయలేదు, వార్తికాలు చేర్చాడు. చిన్నయసూరి బాలవ్యాకరణానికి అందనివాటిని బహుజనపల్లి సీతారామాచార్యులవారు ప్రౌఢవ్యాకరణంగా కూర్చారు. బాలవ్యాకరణం చదివినవాడు చదివినది వ్యర్థం కాలేదు.

* * *

ఎదురువాదం కూడా చెప్పాలి. ఏదీ తీయకపోతే ఇల్లంతా పాతసామాను నిండిపోదా? తెలియనిది దాటిపొమ్మంటే సోమరులు పెరగరా? ఈ ప్రశ్నలలో బలముంది. పంపేటప్పుడు కట్టుదిట్టంగా ఉండు, పుచ్చుకునేటప్పుడు ఉదారంగా ఉండు అనే అర్థం వచ్చే నీతిని 1980లో జాన్ పోస్టెల్ టీసీపీ నిర్దేశంలో వ్రాశారు. ఆ ఔదార్యం అతి అయితే పంపేవాళ్ళ తప్పులే ఆచారమై కూర్చుంటాయని 2023లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9413 వాదించింది. నేను ఈ రెండింటి నడుమ నిలబడతాను. తెలియని దానిని దాటిపోవడం వేరు, తప్పుగా ఉన్న దానిని ఊహించి సరిదిద్దుకోవడం వేరు. మొదటిది మర్యాద, రెండవది చనువు. పరీక్షపత్రంలో పిల్లవాడు అదనంగా వ్రాసినదానిని నేను వదలిపెట్టాను. వ్రాయనిదానికి మాత్రం మార్కులు వేయలేదు.

వాడని గడియ తుప్పు పడుతుందనడానికి టీఎల్‌ఎస్ కథ చాలు. మన విహారిణికీ, అవతలి సర్వరుకూ నడుమ సంభాషణను రహస్యంగా ఉంచే ఏర్పాటు అది. ‘నేను ఫలానా కూర్పు’ అని చెప్పుకోవడానికి అందులో మొదటినుంచీ ఒక చోటుంది. తనకు తెలియని పెద్ద సంఖ్య వస్తే సర్వరు తనకు తెలిసిన కూర్పును చెప్పి మాట కలపాలి. కాని ఏళ్ళ తరబడి క్రొత్త సంఖ్య రానందువల్ల, చాలా యంత్రాలు ఆ మర్యాద మరిచి, తెలియని సంఖ్య చూడగానే ఫోను పెట్టేయడం మొదలుపెట్టాయి. దానితో 2018లో వచ్చిన 1.3 కూర్పు, ఆ చోట తాను 1.2 అనే చెప్పుకొని, తన అసలు సంఖ్యను మరొక మూల పొడిగింపులో వ్రాసుకోవలసి వచ్చింది. తరువాత 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8701 ఒక చమత్కారమైన మందు చెప్పింది: అప్పుడప్పుడు కావాలని అర్థంలేని విలువలు పంపుతూ ఉండండి, దాటిపోవడం ఎవరూ మరిచిపోకుండా ఉంటారు అని. గడియకు నూనె వేయడమే. దాని పేరు కూడా గ్రీజే!

మరొక నిజం హైరమ్ రైట్ అనే ఇంజనీరు పేరుమీద ప్రసిద్ధమైంది. వాడేవారు తగినంతమంది అయితే, మీరు ఒడంబడికలో ఏం వ్రాశారన్నదానితో పనిలేదు. మీ సేవలో కంటికి కనబడే ప్రతి నడతమీదా ఎవరో ఒకరు ఆధారపడి ఉంటారు. నేను అర్థాలను ఏ వరుసలో ఇస్తానో ఎన్నడూ చెప్పలేదు. కాని మా వాడి ప్రోగ్రాము మొదటి అర్థాన్నే ముఖ్యార్థంగా పిల్లలకు చెబుతోంది. ఇప్పుడు నేను అకారాది క్రమంలో పెడితే ఎవరిది తప్పు? నాది కాదని వాదించి గెలవగలను. ఆ గెలుపు పిల్లలకు పనికిరాదు.

కూర్పు సంఖ్యను ఎక్కడ వ్రాయాలన్నదానిమీద పెద్ద తర్కాలే ఉన్నాయి. చిరునామాలో వ్రాయమని కొందరు, ప్రశ్నతోపాటు వచ్చే శీర్షికలలో వ్రాయమని కొందరు. చెల్లింపుల సేవ నడిపే స్ట్రైప్ వంటివారు తేదీని కూర్పు పేరులో పెట్టి, ఖాతాదారు మొదట ఏ తేదీ ఒడంబడికతో వచ్చాడో అదే అతనికి కొనసాగిస్తారు. నావంటి చిన్నవాడికి చిరునామాలో వ్రాయడమే మేలు. కంటికి కనబడుతుంది, ఫోనులో కూడా చదివి చెప్పవచ్చు. కాని అది ఎక్కడ వ్రాస్తామన్నది చిన్న విషయం. పెద్ద విషయం ఏమిటంటే, కూర్పు సంఖ్య పాతవారిని వదిలేయడానికి అనుమతిపత్రం కాదు. రెండవ కూర్పు తెచ్చామంటే మొదటిదానిని కూడా పోషిస్తామని అర్థం. పోషించలేని రోజు వస్తే ముందుగా చెప్పాలి. ఫలానా తేదీకి ఈ చిరునామా మూతపడుతుందని ప్రతి జవాబుతోపాటు పంపడానికి 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8594 ఒక శీర్షికను ఏర్పరచింది. దాని పేరు ‘సన్‌సెట్’. అస్తమయం ముందు సంధ్య ఉండాలి కదా!

* * *

చివరికి నేనేం చేశానో చెప్పి ముగిస్తాను. ఆ ఉదయమే పాతరూపాన్ని తిరిగి నిలబెట్టాను. మొదట, రెండవ కూర్పు అని వేరే చిరునామా తెరుద్దామనుకున్నాను. మేనల్లుడు, “ఎందుకు మామయ్యా? ‘అర్థం’ గడిని కదపకు. దాని పక్కన ‘అర్థాలు’ అని ఇంకొక గడి చేర్చి జాబితా అందులో పెట్టు” అన్నాడు. ఇంత చిన్న ఉపాయం పండితుడికి తోచలేదు. ఒకే విషయం రెండు చోట్ల ఉండడం వ్యాకరణదృష్టికి పునరుక్తి దోషమే. కాని నా పునరుక్తి దోషం కన్న వాడి తరగతిలోని నిశ్శబ్దం పెద్ద దోషం. రెండవ కూర్పు అవసరమే రాలేదు.

తరువాత పదకోశం ముంగిట నా మాటలు వ్రాసిపెట్టాను. ఉన్న గడి పేరు, ఆకారం, అర్థం మార్చను. క్రొత్త గడులు వస్తాయి, తెలియనివాటిని దాటిపొండి. ఏ జాబితానూ పూర్తయినదిగా భావించకండి. తీసివేసిన పేరును మరొకదానికి ఇవ్వను. మూయవలసి వస్తే ఏడాది ముందు చెబుతాను. వాడుకుంటున్నవారు ఒక ఉత్తరం ముక్క వ్రాస్తే మీ పేరు నా పుస్తకంలో ఉంచుకుంటాను. ఏ మార్పుకైనా ముందు మిమ్మల్ని అడుగుతాను. ఈ చివరిది ఏ ఆర్‌ఎఫ్‌సీలోనూ నాకు కనబడలేదు. బడిలో నేర్చుకున్నది: పాఠం మార్చే ముందు హాజరు వేయాలి.

ఆ సాయంకాలం వాడు మళ్ళీ ఫోను చేశాడు. “పలుకుతోందండీ మాస్టారూ” అన్నాడు. వెనుక ఎవరో పిల్లవాడు ‘దొడ్డి’ అని అడగడం, యంత్రం ‘ఇంటి వెనుక పెరడు’ అని తన గొంతులో చదవడం నాకు వినిపించింది. ‘అర్థాలు’ అనే క్రొత్త గడిని వాడి ప్రోగ్రాము ఇప్పటికీ చూడదు. చూడనవసరం లేదు. అది పక్కనే కూర్చుని ఉంది, మిత్రుడిలాగా.

మీలోనూ చిన్న చిన్న సేవలు, సంకలినులు, నిఘంటువులు నడిపినవారున్నారు. మీరు ఎవరికి ఏ మాట ఇచ్చారో, ఎక్కడ తప్పారో, ఎట్లా దిద్దుకున్నారో వ్రాస్తే చదవాలని ఉంది.